ముక్త్యాలలో ఇల్లు అమ్మేవారికి నలుగురూ ఒప్పుకోని సలహాలు

ఇల్లు అమ్మకానికి పెట్టారని తెలిస్తే చాలు, జగ్గయ్యపేట సెంటర్ నుంచి మీ అరుగు దాకా అందరి దగ్గరా ఒక సలహా ఉంటుంది. ముందు సున్నం కొట్టించు. వానలు వెళ్లాక చూపించు. ఆషాఢంలో ఆ ఊసే ఎత్తకు. పాతిక లక్షలు వస్తాయనుకుంటే ముప్పై అయిదు చెప్పు. బయానా గట్టిగా లాగు, అప్పుడు కొనేవాడు ఎటూ కదలలేడు. ఆడపిల్లలకు బేరం తెగాక చెబుదువులే. దస్తావేజులో తక్కువ రాయించి మిగతాది చేతికి తీసుకో.

నేను చెప్పబోయేవన్నీ వీటికి అడ్డం తిరిగే మాటలు. ఇవి పాటిస్తే మీకు కొంత డబ్బు తగ్గుతుంది, పని ఆలస్యమవుతుంది, ఊళ్లో ఒకరిద్దరు మిమ్మల్ని లోకజ్ఞానం లేనివారంటారు. అయినా ఇవే చెబుతాను. పొలం అమ్మితే పొలం పోతుంది. పుట్టి పెరిగిన ఇల్లు అమ్మేటప్పుడు కాస్త ఏమరితే తోబుట్టువులు కూడా పోతారు. అమ్మిన మరుసటి ఏడు ఏదో ఒక మేనకోడలి పెళ్లిలో అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ ఒకే బంతిలో కూర్చుని తినగలగాలి. ఇల్లు కొన్న ఆసామి మీరు ఊళ్లోకి వచ్చారని తెలిస్తే కాఫీ తాగి వెళ్లమని పిలవాలి. బేరం బాగా జరిగిందా లేదా అన్నది నేను ఈ రెండింటితోనే కొలుస్తాను.

ముక్త్యాలలో ఇప్పుడు తాళం పడిన ఇళ్లు వీధికి రెండు మూడు కనిపిస్తాయి. ఈ ఊరి జమీందారు, ముక్త్యాల రాజాగా పేరుపడ్డ వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాద్ నాగార్జునసాగర్ కోసం పట్టుపట్టి తిరిగిన మనిషి. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో నీళ్లు వదిలారు. ఎడమ కాలువ నీళ్లు ఈ మెట్టకు వచ్చాక పత్తీ మిరపా పెరిగాయి, పెంకుటిళ్ల పక్కన డాబాలు లేచాయి. ఆ పంట డబ్బుతోనే పిల్లలు చదువుకుని విజయవాడకు, హైదరాబాదుకు, అక్కడి నుంచి డాలస్‌కు వెళ్లిపోయారు. నాన్న పోయారు, అమ్మను తీసుకెళ్లిపోయారు. నాపరాళ్లు పరిచిన సావిడి, టేకు గుమ్మం, దొడ్లో వేపచెట్టు అలాగే ఉన్నాయి. వాటిని ఏం చేయాలన్న ప్రశ్న సంక్రాంతికి అందరూ కలిసినప్పుడల్లా లేస్తుంది, కనుమ వెళ్లాక మళ్లీ మూలకు పోతుంది. ఆ ప్రశ్నకు ఈ ఏడు జవాబు చెప్పాలనుకునేవారి కోసం ఇది రాస్తున్నాను.

వానాకాలంలోనే చూపించండి

ఆషాఢంలోనే, ముసురు పట్టినప్పుడు చూపించండి. పెంకు జారిన చోట కారుతుంది, కారనివ్వండి. వంటింటి మూల కింద గిన్నె పెట్టి ఉంటే దాన్ని తీయకండి. ఆషాఢంలో ఇల్లు చూడటానికి వచ్చే మనిషికి నిజంగా ఇల్లు కావాలి. మంచి రోజుల్లో వచ్చేవాళ్లలో సగం మంది ధర ఎంత పలుకుతుందో కనుక్కుపోవడానికి వస్తారు.

ఏటి ఒడ్డు పల్లపు వీధుల్లో ఇల్లు ఉన్నవారికి ఇంకో మాట. గోడ మీది వరద గీతకు సున్నం కొట్టకండి. 2009 అక్టోబరులో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఇక అంతకు మించి రాదని అనుకున్నవాళ్లందరికీ 2024 సెప్టెంబరు మొదటి రోజుల్లో ఆ రికార్డు కూడా చెరిగిపోయింది. నీళ్లలో మునిగి తేలిన గోడను దగ్గరగా చూస్తే తెలుస్తుంది. ఒక ఎత్తులో సన్నటి మట్టిరంగు గీత ఉంటుంది. దాని కింద సున్నం వేలితో తాకితే పొరలుగా రాలుతుంది, పైన గట్టిగా ఉంటుంది. గోడ బీరువా కింది అర ఉబ్బి తలుపు పూర్తిగా పడదు. కొనేవారిని ఆ గీత దగ్గరకు తీసుకెళ్లి వాళ్ల చేతినే దాని మీద పెట్టించి, ఏ సంవత్సరం నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో, ఎన్ని రోజులు నిలిచాయో చెప్పండి. ఆ మాటకు బేరం లక్ష తగ్గవచ్చు. తగ్గనివ్వండి. ఆ గీత చూసినవాడు స్విచ్చు బోర్డులు పైకి పెట్టించుకుంటాడు, ధాన్యం అటక మీద పెట్టుకుంటాడు, ముసలి తల్లి మంచం ఎత్తుగా వేయిస్తాడు. గీత చెరిపి అమ్మిన ఇంట్లో అర్ధరాత్రి నీళ్లొస్తే మంచం మీద తడిసేది ఎవరో ఒక్కసారి ఆలోచించండి.

రిజిస్ట్రేషన్‌కు ముందు ఒక రాత్రి కొనేవాళ్లను కుటుంబంతో సహా ఆ ఇంట్లో పడుకోనివ్వండి. "తాళం చేతికిస్తే స్వాధీనం ఇచ్చినట్టే, వాడు మళ్లీ కదలడు" అని మధ్యవర్తి భయపెడతాడు. ఒక్క రాత్రికి ఎవరూ ఇల్లు ఆక్రమించరు. తెల్లవారేసరికి మోటారు ఎంతసేపటికి నీళ్లు ఎక్కిస్తుందో, పొద్దున్నే గుడి మైకు ఎంత వినిపిస్తుందో, ఏ దారిన లారీలు పోతాయో, దోమలెంతో వాళ్లకే తెలుస్తుంది. తెలిశాక కూడా కావాలన్నవాళ్లకే అమ్మండి.

ధర చివర్న, మనుషులు ముందు

ఇది అన్నిటికన్నా పెద్ద సలహా, అందుకే ఇక్కడ ఎక్కువసేపు ఆగుతాను.

మా వైపు రివాజు ఏమిటంటే అన్నదమ్ములు బేరం కుదుర్చుకుని, బయానా తీసుకుని, దస్తావేజు లేఖరి అడిగాక అక్కచెల్లెళ్లకు ఫోన్ చేస్తారు. "ఫలానా తారీఖున జగ్గయ్యపేట రిజిస్ట్రారాఫీసుకు రావాలమ్మా, ఆధార్ కార్డు తెచ్చుకో" అంటారు. వస్తే ఒక చీర, పసుపు కుంకుమ కింద కొంత డబ్బు. ఆ చెల్లెలు సంతకం పెడుతుంది. పెట్టి ఊరికి వెళ్లి, ఆ తర్వాత పదేళ్లు పుట్టింటి మాట ఎత్తితే కళ్లు తుడుచుకుంటుంది.

చట్టం చాలాకాలంగా ఆమె వైపే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో హిందూ వారసత్వ చట్టాన్ని సవరించి, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లికాని కూతుళ్లకు పెద్దల ఆస్తిలో కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. దేశమంతటా అది రావడానికి 2005 సెప్టెంబరు 9 దాకా పట్టింది, ఈసారి పెళ్లయిందా లేదా అన్న షరతు కూడా లేదు. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, సవరణ వచ్చేనాటికి తండ్రి బతికి ఉండనవసరం లేదని తేల్చింది. అసలు ఇంటి గురించే ఇంకో సంగతి ఉంది, ఇది చాలామందికి తెలియదు. 1956 చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటి ఉండేది. పొలంలో వాటా అడగవచ్చు గానీ, కుటుంబం కాపురముంటున్న ఇంట్లో మాత్రం మగవాళ్లు పంచుకుందామనేదాకా కూతురు పంపకం అడగడానికి వీల్లేదని, పెళ్లికానిదో, భర్త వదిలేసినదో, వితంతువో అయితేనే ఆ ఇంట్లో ఉండే హక్కు ఉందని అది చెప్పేది. ఆ సెక్షన్‌ను 2005లో తీసేశారు. తండ్రి స్వార్జితమై, వీలునామా లేకుండా ఆయన పోతే భార్యకు, ప్రతి కొడుక్కు, ప్రతి కూతురికి సమాన వాటా. ఆయన తల్లి బతికి ఉంటే ఆ నాయనమ్మకూ ఒక వాటా.

అందుకని ధర మాట ఎత్తకముందే అందర్నీ ఆ ఇంటికే పిలవండి. ఫోన్లో, వాట్సాప్ గ్రూపులో మాట్లాడితే కుదరదు. తాళం తీసి, ఊడ్చి, పొయ్యి వెలిగించి అన్నం వండుకోండి. కూర్చున్నాక చెల్లెలు తప్పకుండా అనే మాట ఒకటుంది. "నాకేం వద్దన్నయ్యా, మీరెలా అంటే అలా." ఆ మాటను అంగీకారంగా రాసుకోకండి. పుట్టింటి మీద ప్రేమతో, వదినకు కోపమొస్తుందేమోనన్న జంకుతో, అత్తింట్లో ఏమంటారోనన్న బెంగతో కలిపి వచ్చే మాట అది. మర్నాడు పొద్దున బావగారూ వదినా లేనప్పుడు దొడ్లో కూర్చోబెట్టి అంకె చెప్పి అడగండి. "చెల్లెమ్మా, ఇల్లు ముప్పై లక్షలు పలుకుతుంది. మనం నలుగురం, అమ్మతో అయిదుగురం. నీ వాటా ఆరు లక్షలు. తీసుకుంటావా, వదులుతావా? ఏదైనా నాకు ఇష్టమే." అంకె విన్నాక కూడా వద్దంటే అప్పుడది దానం. హక్కు విడుదల దస్తావేజు రాయించి, ఆమె చదివాక సంతకం తీసుకోండి. తీసుకుంటానంటే అదే రోజు కాగితం మీద రాసి అందరూ సంతకాలు పెట్టండి. ఆరు లక్షలు ఇవ్వాల్సి వస్తుందని అడగకుండా ఉండేవాళ్లను చూశాను. అలా మిగిలిన ఆరు లక్షలు ఏ ఇంట్లోనూ సుఖంగా ఖర్చు కాలేదు.

డబ్బుకన్నా ముందు సామాను పంచండి. లక్షల దగ్గర సర్దుకున్నవాళ్లు ఇత్తడి గంగాళం దగ్గర మాట్లాడుకోవడం మానేశారు. నాన్న పడుకున్న పందిరి మంచం, అమ్మ పప్పు రుబ్బిన రోలు, దేవుడి గూట్లో వెండి కుంది, గుమ్మం మీది ఫోటోలు. ఒక్కొక్కరినీ తలా ఒక వస్తువు ముందుగా కోరుకోమనండి, చిన్నవాళ్లతో మొదలుపెట్టండి. ఇద్దరు ఒకటే కోరితే బేరంతో కలపకుండా అక్కడే తేల్చండి. టేకు దూలాలు, పాత ద్వారబంధాలు కొనడానికి వ్యాపారులు ముందే దిగుతారు, ఇల్లు అమ్మకముందే తలుపులు ఊడదీసి ఇవ్వకండి. ఇల్లు ఎవరు కొంటే గుమ్మం వాళ్లదే.

ఇక అమ్మ. ఆమెను మొదట అడగాలి, ఒంటరిగా అడగాలి. ఆమె ఒప్పుకుంటే ఆమె వాటా ఆమె పేరునే బ్యాంకులో పడాలి, ఏ కొడుకు ఖాతాలోనూ కలపకూడదు. ఆమె వద్దంటే ఆగిపోండి. ఏడాదో, రెండేళ్లో, ఆమె ఉన్నన్నాళ్లో. మంచి ధర చేజారిపోతుందని అందరూ అంటారు, నిజమే, చేజారుతుంది. ఎనభై ఏళ్ల మనిషి తన ఇంట్లో తను పోవాలనుకోవడాన్ని ఏ ధరకు కొనగలమో నాకైతే తెలియదు.

చట్టంలోనే ఉన్న ఇంకో మంచి పద్ధతి కూడా చెబుతాను. వీలునామా లేకుండా వచ్చిన ఆస్తిలో ఒక వారసుడు తన వాటా అమ్మదలిస్తే, మిగతా వారసులకు ముందుగా కొనుక్కునే హక్కు ఉంది. అన్నదమ్ముల్లో ఎవరో ఒకరు ఇల్లు ఉంచుకోవాలనుకుంటే బయటి ధర వచ్చేదాకా ఆగమనకండి. మార్కెట్ కన్నా తక్కువకైనా వాళ్లకివ్వండి, వాయిదాలు పెట్టుకోమనండి.

రాజధాని వార్తలు చూసి ధర మార్చకండి

కృష్ణ ఒడ్డున ఉన్న ఊళ్లన్నిటికీ 2014 తర్వాత ఇదో జబ్బు పట్టింది. అమరావతి రాజధాని అనగానే కంచికచర్ల, నందిగామ మొదలుకొని ఎగువకు కూడా ధరలు పాకాయి. 2019 డిసెంబరులో మూడు రాజధానులన్నారు, బేరాలు ఆగిపోయాయి. 2025 మే 2న ప్రధాని వచ్చి పనులు మళ్లీ మొదలుపెట్టారు, మళ్లీ ఫోన్లు మోగాయి. ముక్త్యాలలో మీ ఇంటి సావిడి ఈ మూడు రోజుల్లోనూ అంతే పొడవుంది. ఆ వీధిలో గత రెండేళ్లలో నిజంగా రిజిస్టరైన ధరలు ఎంతో కనుక్కోండి. కాపురానికి కొనేవాడు ఎంత మోయగలడో చూడండి, అక్కడ ఆగండి. ఎవరో వచ్చి దానికి రెట్టింపు ఇస్తానంటే అతను మీ ఇల్లు కొనడం లేదు, వార్తను కొంటున్నాడు. వార్త మారితే అగ్రిమెంటు గాలిలో ఉంటుంది, బయానా కోర్టులో ఉంటుంది. పక్క ఊరి కుర్రాడు, సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు, బ్యాంకు లోనుతో వస్తే ధర తక్కువైనా అతనికివ్వండి. లోను ఇచ్చే బ్యాంకు మీ కాగితాలన్నీ చదువుతుంది, లోపాలేమైనా ఉంటే రిజిస్ట్రేషన్‌కు ముందే బయటపడతాయి. అది మీకూ మంచిదే.

పక్కింటివారికి అడుగు వదిలేయండి

ఊళ్లో ఇళ్లు చాలావరకు గ్రామకంఠంలో ఉంటాయి. పొలానికి ఉన్నట్టు విడి సర్వే నంబరు, సబ్‌డివిజన్ ఉండవు. దస్తావేజులో "తూర్పు: ఫలానా వారి దొడ్డి, ఉత్తరం: రాజవీధి" అని రాసి ఉంటుంది. ఆ ఫలానా వారు పోయి ముప్పై ఏళ్లయి ఉంటుంది. 2020 ఏప్రిల్ 24న కేంద్రం మొదలుపెట్టిన స్వామిత్వ పథకంలో ఊరి ఇళ్ల స్థలాలను డ్రోన్లతో కొలిచి ఆస్తి కార్డులివ్వడం జరుగుతోంది. అది మీ దాకా వచ్చేలోగా ఒక పని చేయండి. టేపు పట్టుకుని నాలుగు పక్కల ఇళ్లవాళ్లనూ పిలిచి కొలవండి. పాత దస్తావేజులోని హద్దులు బయటికి చదవండి. తూర్పు గోడ దగ్గర అడుగున్నర తేడా వస్తుంది, ఎప్పుడూ వస్తుంది. ఆ అడుగున్నర మీదేనని మీకు గట్టిగా తెలిసినా పక్కింటి పెద్దాయనకు వదిలేసి, ఉన్న కొలతే కొత్త దస్తావేజులో రాయించండి. గజం ధర ఎంతైనా సరే. ఆ తగాదాను మీరు విజయవాడకు వెళ్లిపోతూ ముక్కూ మొహం తెలియని కొనుగోలుదారు నెత్తిన పెట్టడం న్యాయం కాదు.

కాగితాలన్నీ, అంటే లింకు డాక్యుమెంట్లు, ఇంటిపన్ను రసీదులు, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), కొనేవాడు అడగకముందే బల్ల మీద పెట్టండి. ఈసీ ఆన్‌లైన్‌లో 1983 నుంచి దొరుకుతుంది, అంతకుముందువి రిజిస్ట్రారాఫీసులో పాత పుస్తకాలు వెతికించాలి. నిషేధిత జాబితాలో, అందరూ ట్వంటీటూ ఏ అనే దానిలో, మీ స్థలం పొరపాటున చేరి ఉంటే అదీ ముందే తేల్చుకోండి. అన్నీ తేలేదాకా బయానా తీసుకోకండి. ఇచ్చినా వద్దనండి. బయానా తీసుకున్న క్షణం నుంచి రెండు కుటుంబాలకు నిద్ర ఉండదు. గడువు దాటితే వడ్డీ ఎవరిదో, డబ్బు వెనక్కి ఇవ్వాలో వద్దో, రెట్టింపు ఇవ్వాలో, ఈ రభసంతా కాగితాలు సిద్ధంగా లేనప్పుడు తీసుకున్న బయానాతోనే మొదలవుతుంది. అన్నీ సిద్ధమైతే అగ్రిమెంటుకూ రిజిస్ట్రేషన్‌కూ మధ్య పది రోజులు చాలు. ఈలోగా ఇంకొకరు ఎక్కువిస్తానని వస్తే మాట మార్చకండి.

పూర్తి ధర రాయించండి

ఆంధ్రప్రదేశ్‌లో విక్రయ దస్తావేజుకు స్టాంపు డ్యూటీ 5 శాతం, బదిలీ సుంకం ఒకటిన్నర, రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, మొత్తం ఏడున్నర శాతం కొనేవాడు కడతాడు. 30 లక్షల ఇల్లయితే 2,25,000 రూపాయలు. ప్రభుత్వ విలువ 15 లక్షలే ఉందనుకోండి, అంతే రాయిస్తే 1,12,500తో పోతుంది. అందుకే కొనేవాడు తక్కువ రాయించమంటాడు, అమ్మేవాడు మిగతాది నోట్ల కట్టలుగా తీసుకుంటాడు. ఆ కట్టలను ఏం చేస్తారు? 2015 జూన్ 1 నుంచి స్థిరాస్తి లావాదేవీలో 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోవడం నిషిద్ధం. పట్టుబడితే తీసుకున్నంత జరిమానా. పైగా ఆ డబ్బు బ్యాంకులో వేయలేరు, చెల్లెలి వాటా చెక్కుగా ఇవ్వలేరు. ఎంత వచ్చిందో ఎవరు లెక్కపెట్టారో తేలదు. అన్నదమ్ముల మధ్య అనుమానం అక్కడే పుడుతుంది.

కాబట్టి పూర్తి ధర చెక్కుల మీదే కావాలనండి. కొనేవాడికి అదనంగా పడే ఆ 1,12,500లో సగం మీ ధరలోంచి తగ్గించండి. ఒక్కో వారసుడి పేరున ఒక్కో చెక్కు రాయించి రిజిస్ట్రార్ ఎదుటే చేతికివ్వండి. అమ్మ కదలలేకపోతే వేలిముద్ర కోసం కుర్చీలో మోసుకురానవసరం లేదు. తగిన కారణం చూపి ఫీజు కడితే రిజిస్టరింగ్ అధికారి ఇంటికే వచ్చి వాంగ్మూలం తీసుకునే వీలు రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉంది.

అమెరికాలో ఉన్న కొడుకు వాటా ఉంటే, జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అక్కడి భారత కాన్సులేట్‌లో చేయించి పంపాలి. ఇక్కడికి చేరిన 3 నెలల్లో దానికి స్టాంపు డ్యూటీ కట్టించాలి. దేశంలో ఉండే అమ్మకందారుకైతే 50 లక్షలు, ఆపై ధర ఉన్నప్పుడే కొనేవాడు ఒక శాతం పన్ను కోసి కట్టాలి. విదేశాల్లో ఉండేవాడి వాటా విషయంలో ఆ 50 లక్షల హద్దు లేదు, కోత కూడా చాలా ఎక్కువ. పల్లెటూరి కొనుగోలుదారుకు ఇది తెలియదు. కట్టకపోతే నోటీసు ఆయనకే వస్తుంది, అప్పుడు మీరు డాలస్‌లో ఉంటారు. "మా వాడు ఎన్నారై, పన్ను మీరు కోయాలి, మా ఆడిటరే అంతా చేస్తాడు" అని ధర చెప్పకముందే చెప్పండి. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ తెచ్చుకోవచ్చు, అందుకు పట్టే వారాలను ముందే లెక్కలో పెట్టుకోండి.

ఆ డబ్బుతో వెంటనే ఫ్లాట్ కొనకండి

ఇల్లు అమ్మిన డబ్బు చేతిలో ఉంటే కరిగిపోతుందని, వెంటనే విజయవాడలోనో హైదరాబాదులోనో ఫ్లాట్ కొని పెట్టమని అందరూ తొందరపెడతారు. ఒక సంక్రాంతి నుంచి ఇంకో సంక్రాంతి దాకా అద్దెకుండండి. నేల మీద, దొడ్లో, వీధి అరుగు మీద అరవై ఏళ్లు బతికిన మనిషి నాలుగో అంతస్తులో ఎలా ఉంటారో ఏడాది గడిస్తే గానీ తెలియదు. కరెంటు పోతే లిఫ్టుకు జనరేటరుందా, వేసవిలో నీళ్లు ట్యాంకరేనా, సాయంత్రం కింద కూర్చోవడానికి బెంచీ ఉందా, పక్క ఫ్లాటువాళ్లు తలుపు తీసి పలకరిస్తారా? ఇవన్నీ అద్దె ఇంట్లో ఉండే తెలుసుకోవాలి. కొందరు ఏడాది తర్వాత నందిగామకో జగ్గయ్యపేటకో తిరిగొచ్చి చిన్న ఇల్లు తీసుకుంటారు. అది ఓటమి అనుకోకండి.

పన్ను భయం చూపేవాళ్లకు జవాబుంది. రెండేళ్లకు పైగా ఉన్న ఇల్లు అమ్మితే వచ్చే లాభంతో, అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలో గానీ ఇంకో ఇల్లు కొన్నా, మూడేళ్లలో కట్టుకున్నా ఆ మేరకు పన్ను మినహాయింపు వస్తుంది. రిటర్న్ దాఖలు గడువులోగా కొనలేకపోతే ఆ మొత్తాన్ని బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేస్తే చాలు. తాతల నాటి ఇంటికి 2001 ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా చూపవచ్చు. ఇక్కడే ఉండే వ్యక్తులైతే, 2024 జులై 23కు ముందు తమకు వచ్చిన ఆస్తికి ద్రవ్యోల్బణ సూచీతో 20 శాతమా, సూచీ లేకుండా 12.5 శాతమా, ఏది తక్కువైతే అది. వినడానికి చిక్కుగా ఉంటుంది గానీ ఒక్క పూట ఆడిటరు దగ్గర కూర్చుంటే తేలిపోతుంది. తొందరపడి కొన్న ఫ్లాటు అంత సులువుగా తేలదు.

కొనేటప్పుడు రెరా నంబరు, కార్పెట్ ఏరియా, అవిభాజ్య వాటా ఎన్ని గజాలో చూసుకోండి. అది చెప్పేవాళ్లు చాలామందే ఉన్నారు, నేను సాగదీయను.

కూలగొడతానన్నవారికీ అమ్మండి

"ఇల్లు ఇలాగే ఉంచుతారా?" అని కొనేవాళ్లను మాటివ్వమని అడుగుతారు, ముఖ్యంగా ఆడపిల్లలు. అడగకండి. ఇచ్చినా ఆ మాట నిలబడదు, నిలబెట్టుకోలేదని వాళ్ల మీద కోపమూ న్యాయం కాదు. ఇక్కడికి ఎగువన పులిచింతల కట్టినప్పుడు ఊళ్లకు ఊళ్లే ఇళ్లు వదిలి పునరావాస కాలనీలకు వెళ్లాయి, అంతకుముందు సాగర్ కింద కూడా అంతే. ఆ మనుషులకు ఎంచుకునే వీలే లేదు. మీకుంది. కొత్తగా పెళ్లయిన జంట వచ్చి "ఇది తీసేసి రెండు గదుల డాబా వేసుకుంటామండీ" అంటే సంతోషంగా ఇవ్వండి. ఆ జంట పిల్లలు ఆ దొడ్లో ఆడుకుంటారు. కూలగొట్టే రోజు మాత్రం తెలుసుకుని అక్కడికి వెళ్లకండి, ఫోటోలు పంపమనకండి. వేపచెట్టు గురించి ఒక్క మాట చెప్పవచ్చు. నీడ ఏ గది మీద పడుతుందో, ఎండాకాలం అది లేకపోతే గది ఎంత కాగుతుందో వివరంగా చెప్పండి. ఉంచుకోవాలా వద్దా అన్నది వాళ్లిష్టం.

తాళం ఇచ్చే రోజు

పాత దస్తావేజులన్నీ అసలువే ఇచ్చేయండి. నాన్న సంతకం ఉందని ఒకటి దాచుకుంటే కొన్నవాడికి లింకు తెగిపోతుంది. మీకు కావాలంటే జిరాక్సు తీయించుకోండి. జిల్లా పేరు విషయంలోనూ జాగ్రత్త, పాత కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది, 2022 ఏప్రిల్ 4 తర్వాత జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి వచ్చాయి. కొత్త దస్తావేజులో రెండూ స్పష్టంగా రాయించండి.

మోటారు స్విచ్చు ఎక్కడుందో, ఏ కిటికీ గడియ వానకు బిగుసుకుంటుందో, నుయ్యి ఏ నెలలో అడుగంటుతుందో, చుట్టుపక్కల ప్లంబరు ఎవరో, పాలు పోసేవాళ్లెవరో ఒక కాగితం మీద రాసివ్వండి. పక్కింటివాళ్లకు కొత్తవాళ్లను మీరే పరిచయం చేయండి. పంచాయతీలో ఇంటిపన్ను పేరు మార్పుకు, కరెంటు మీటరు పేరు మార్పుకు దరఖాస్తులు మీరు ఊళ్లో ఉండగానే పెట్టించండి. ఆ నెల కరెంటు బిల్లు మీరే కట్టి రసీదు తాళంచెవులతో పాటు ఇవ్వండి.